చూపువేటకుక్కకు ముక్కు లేదా?

కంటితో వేటాడు జాగిలమునకు వాసన తెలియదని పలువురి తలంపు. నేను ఒప్పుకొనను. ముధోలు జాగిలపు పొడవైన మూతిలో వాసన గ్రహించు పొరకు కొఱత లేదు; బట్టబయలులో కుందేలును తరుమునపుడు దానితో పనిలేదు, అంతియే.

విశాఖపట్టణపు కొండలలో అట్లు గాదు. పొదచాటున దాగిన మృగమును వాసనయే పట్టియిచ్చును. అచ్చటి చైత్రమాసపు వేటను 1907 నాటి జిల్లా గెజిటీరులో ఫ్రాన్సిస్ దొర వర్ణించెను: వట్టిచేతులతో మరలిన మగవారిని స్త్రీలు పేడతో కొట్టెడివారట! మంచి ముక్కుగల కుక్క విలువ అట్టినాడు తెలియును.

ఇట్టి అక్కఱకే ఇంగ్లండులో దొంగవేటగాండ్రు గ్రేహౌండును గొఱ్ఱెలకాపరి కుక్కతో సంకరము చేసి ‘లర్చరు’ను పెంచిరి; వేగము, వాసన రెండును దానియందు కూడినవి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను మాన్పినది, అది మేలే. కాని ఏరి పెంచువారు లేనిచో ఆ విద్య తరతరములకు సన్నగిల్లును. తప్పిపోయినవారిని వెదకుటకైనను దానిని నిలుపుకొనవలెను.