గేటు దగ్గర ఆర్పిన దీపాలు

మా నాన్నగారికి ఒక అలవాటుండేది. రైలు గేటు పడితే అంబాసిడర్‌ను ఆపి, ఇంజను నడుస్తుండగానే హెడ్‌లైట్లు ఆర్పేసేవారు. గేటు లేచాకే మళ్ళీ వెలిగించేవారు. పిసినారితనానికి ఇది పరాకాష్ఠ అని నేనూ, మా చెల్లెలూ వెనక సీట్లో గుసగుసలాడుకునేవాళ్ళం. నలభై ఏళ్ళు గడిచాక, నా కారుకు పట్టిన జబ్బు పుణ్యమా అని ఆ అలవాటు వెనక ఒక చరిత్ర ఉందని తెలిసింది. ఆయన లేని ఈ రోజుల్లో ఈ టపా రాస్తున్నది అందుకే.

ముందు జబ్బు సంగతి. వాన రాత్రుల్లో సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను గజగజ వణికేది. దీపాలు, వైపర్లు, లోపలి పంకా, వెనక అద్దం మీది ఆవిరి పోగొట్టే హీటరు, అన్నీ పనిచేస్తున్నప్పుడే ఈ వణుకు. ఒక్కొక్కటే ఆపుతూ పోతే సర్దుకునేది. ఒక పెద్ద వర్క్‌షాపుకు పగటిపూట తీసుకువెళితే "ఐడిల్ బాగానే ఉంది కదండీ" అంటూనే స్పార్కు ప్లగ్గులు మార్చారు. రెండోసారి ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. డబ్బు పోయింది, వణుకు పోలేదు.

ఇక చరిత్ర. తొలినాటి కారుకు విద్యుత్తుతో అట్టే పని లేదు. దీపాలు ఎసిటిలీన్ వాయువుతో వెలిగేవి. నిప్పురవ్వకు మాగ్నెటో ఉండేది. ఇంజను లేపడానికి హ్యాండిలూ, తిప్పేవాడి కండబలమూ చాలు. ఆ హ్యాండిలు ఎదురుతన్ని మణికట్లు విరగ్గొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 1912 మోడల్ క్యాడిలాక్‌తో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చింది. మనవాళ్ళు 'సెల్ఫు' అనేది దీన్నే. సెల్ఫుకు బ్యాటరీ కావాలి, బ్యాటరీ నిండటానికి డైనమో కావాలి. అలా కారులో ఒక బుల్లి విద్యుత్కేంద్రం వెలసింది.

ఈ డైనమో నిదానంగా తిరిగితే చాలినంత వోల్టేజి పుట్టించలేదు. అలాంటప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి దానిలోకే పారిపోకుండా 'కటౌట్' అనే రిలే మధ్య లంకెను తెంచేస్తుంది. పాత కార్లు ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమనేది అందుకే. అంటే, గేటు దగ్గర నిలబడిన మా అంబాసిడర్‌లో దీపాల బరువు ఇంజను మీద లేదు, మొత్తం బ్యాటరీ మీదే ఉంది. బ్యాటరీ దిగిపోతే బండి తోయవలసింది వెనక సీట్లో గుసగుసలాడుతున్న మేమే! ఆయన ఎప్పుడూ వివరించలేదు. మేమూ అడగలేదు.

సిలికాన్ డయోడ్లు చిన్నవిగా, చవగ్గా దొరకడం మొదలయ్యాక కథ మారింది. ఏకాంతర విద్యుత్తును పుట్టించి, దాన్ని డయోడ్లతో ఏకముఖం చేసే ఆల్టర్నేటర్‌ను క్రైస్లర్ సంస్థ 1960 మోడల్ వాలియంట్ కార్లకు బిగించింది. దీని గొప్పతనం, ఐడిల్‌లో కూడా కరెంటు ఇవ్వడం. మా కారు వణుకుకు బీజం ఆ గొప్పతనంలోనే ఉంది. ప్రేరిత విద్యుత్తు తనను పుట్టించిన చలనాన్నే ఎదిరిస్తుందని 1834లో లెంజ్ చెప్పాడు. ఇంటర్మీడియట్‌లో దాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాను గాని, అది నా కారులో కూర్చుందని ఎరగను. కరెంటు ఎంత లాగితే ఆల్టర్నేటర్ అంత బరువుగా తిరుగుతుంది. హెడ్‌లైట్లు రెండూ 110 వాట్లు. మిగతావన్నీ కలిపి 400 అనుకుందాం. ఆల్టర్నేటర్ తనకు అందిన శక్తిలో సుమారు సగమే కరెంటుగా తిరిగిస్తుంది కనుక, ఇంజను మీద పడేది 800 వాట్లు, ఒక అశ్వశక్తికి పైమాటే. రోడ్డు మీద పరుగెత్తే ఇంజనుకు అది లెక్కలోకి రాదు. నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ కునుకు తీస్తున్న ఇంజనుకు మాత్రం అది నెత్తిన పడ్డ మూట.

ఆ మూట మోయించడానికి కార్బురేటర్ల కాలంలో వాక్యూమ్‌తో త్రాటిల్‌ను కాస్త లాగే 'ఐడిల్-అప్' ఉండేది. ఇంజెక్షన్ వచ్చాక కంప్యూటరే గాలిదారి తెరుస్తోంది. హోండా వారైతే కొన్ని కార్లలో కరెంటు కొలిచే సెన్సరును ఫ్యూజు పెట్టెలోనే అమర్చారు. ఆ గాలిదారిలో మసి పేరుకుంటే ఇంజనుకు ఊపిరాడదు. కాబట్టి మొదటి అనుమానం దానిమీదే పెట్టుకోవాలి. శుభ్రం చేయించాను. వణుకు తగ్గింది గాని పోలేదు.

చివరికి మా వీధి చివర పాత మేస్త్రీ దగ్గరకు వెళ్ళాను. ఆయన చీకటి పడ్డాక రమ్మన్నాడు! ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టులు. ఇంజను లేపి, అన్నీ వేసి కొలిస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.1, బ్యాటరీ దగ్గర 12.9. మధ్యలో 1.2 ఎక్కడికి పోయింది? మీటరు తీగ ఒకటి ఇంజను మీద, మరొకటి బ్యాటరీ మైనస్ మీద పెట్టాడు. 0.2 దాటకూడని చోట ఒక వోల్టు చూపించింది.

"బాబు గారూ, ఎర్తు పోయింది. ప్లగ్గులేం చేస్తాయి పాపం" అన్నాడు.

ఇంజనును బాడీతో కలిపే అల్లిక పట్టీ చిలుము పట్టి పచ్చబారి ఉంది. నా కారులో కొన్ని సెన్సర్ల ఎర్తు ఇంజను మీద, కంప్యూటరుది బాడీ మీద ఉన్నాయి. ఐదు వోల్టుల లోపు కొలతల్లో సున్నాయే ఒక వోల్టు జరిగితే ఏ సెన్సరు మాట నిజమవుతుంది? పట్టీ మార్చాడు. వణుకు ఆగింది.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. సిగ్నళ్ళ దగ్గర దీపాలు ఆర్పడం నాకూ ఎప్పుడో అంటుకుంది. వానలో తప్ప ఆర్పేస్తూనే ఉంటాను. జబ్బు ఆరు నెలలు దాక్కున్నది ఆ అలవాటు చాటునే. బ్యాటరీని కాపాడిన నాన్నగారి చెయ్యి, నా దగ్గరకు వచ్చేసరికి జబ్బును కాపాడింది.

గత వారం మా ఊరు వెళుతుంటే గేటు పడింది. వణకని ఇంజను, వెలుగుతున్న దీపాలు. చెయ్యి దానంతట అదే స్విచ్చి మీదికి వెళ్ళింది. ఆర్పాను.