బతికి పుట్టిన బిడ్డ - చట్టం

గత సంవత్సరం బి.ఏ. తరగతికి వీరేశలింగంగారి సంఘసంస్కరణను గురించి పాఠం చెబుతూ, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన తొలి వితంతు వివాహం దగ్గరకు వచ్చాను. ఆనాడు వితంతువు గర్భవతి అయితే మొదట రహస్యంగా మందులు తినిపించేవారనీ, మందు పారకపోతే పుట్టిన బిడ్డ ప్రాణం మీదికి వచ్చేదనీ చెప్పాను. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "మందు తిన్నాక కూడా బిడ్డ బతికి పుడితే, ఆ బిడ్డను చూడవలసిన బాధ్యత ఎవరిదండీ? చట్టం ఏమన్నది మాస్టారూ?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. సాహిత్యం చెప్పుకునేవాడికి చట్టాలతో పనేమిటని తప్పించుకోవచ్చు గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ వేసవి సెలవులు దానికే సరిపోయినాయి.

చట్టం ఈ బిడ్డను చాలాకాలం కిందటే చూసింది. అయితే చూసింది బిడ్డగా కాదు, సాక్ష్యంగా. ఇంగ్లండులో 1624లో ఒక శాసనం చేశారు. పెళ్లి కాని స్త్రీ బిడ్డను కని, ఆ బిడ్డ చనిపోతే, ఆ సంగతి దాచిపెడితే అది హత్యేనని దాని భావం. బిడ్డ చచ్చి పుట్టిందని కనీసం ఒక్క సాక్షి చేత చెప్పించగలిగితేనే ఆమె ఉరి తప్పించుకునేది. ఒంటరిగా, చీకట్లో, నోరు నొక్కుకుని కన్నదానికి సాక్షి ఎక్కడనుంచి వస్తాడు? పెళ్లయిన స్త్రీకి ఈ శాసనం వర్తించదు. బిడ్డ తండ్రి ఊసే అందులో లేదు. బిడ్డ ప్రాణం మీద పాలకులకు అంత మమకారమే వుంటే, శాసనం పెళ్లికాని తల్లుల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో పాఠకులు ఆలోచించవచ్చు. 1803లో దీన్ని రద్దు చేసి, జననాన్ని దాచడానికి రెండేళ్ల ఖైదు పెట్టారు.

ఆ రెండేళ్ల ఖైదే ఓడ ఎక్కి మనదేశానికి వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 318వ సెక్షనులో అది కనిపిస్తుంది. 312వ సెక్షను గర్భస్రావాన్ని నేరమన్నది. ఆ నేరస్థులలో గర్భవతిని కూడా చేర్చింది. మన ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 315. బిడ్డ బతికి పుట్టకుండా చేసినా, పుట్టాక చనిపోయేటట్టు చేసినా, తల్లి ప్రాణం కాపాడటానికి సదుద్దేశంతో చేసినది కాకపోతే, పదేళ్ల వరకూ శిక్ష. చంపకూడదని చట్టం కచ్చితంగానే చెప్పింది. బతికించవలసింది ఎవరు, ఎక్కడ, ఎవరి డబ్బుతో అన్నదానికి అందులో జవాబు లేదు.

రాజమహేంద్రవరంలో ఆ పెళ్లి జరిగిన 1881లోనే సూరత్ జిల్లాలో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు, తన బిడ్డను చంపిందన్న నేరానికి ఉరిశిక్ష వేశారు. అప్పీలులో శిక్ష తగ్గింది. ఆ కేసు మీద పత్రికలలో రేగిన దుమారంలో స్త్రీల శీలాన్ని గురించిన ఉపన్యాసాలే మిక్కుటం. వాటికి జవాబుగా 1882లో తారాబాయి షిండే మరాఠీలో 'స్త్రీ పురుష తులనా' రాసింది. నేరం చేసిన స్త్రీని నిలదీసినవాళ్లు ఆ నేరంలో పురుషుడి వాటా మాట ఎత్తలేదన్నదే ఆమె ఆగ్రహం.

దీనికి రెండు దశాబ్దాల ముందే పూనాలో మరొక పని జరిగింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ గుండెకాయ వంటిది అదే. జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863లో బాలహత్యా ప్రతిబంధక గృహాన్ని తెరిచారు. గర్భవతి అయిన వితంతువు అక్కడికి వచ్చి రహస్యంగా కని, ఇష్టమైతే బిడ్డను అక్కడే వదిలి వెళ్లవచ్చు. పోలీసు ప్రశ్నలు లేవు, కులం ప్రశ్నలు లేవు. కాన్పు చేసే చేతులూ, బిడ్డకు పాలూ వున్నాయి. అట్లా పుట్టిన బిడ్డలలో ఒకణ్ణి, కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు కొడుకును, 1874లో ఆ దంపతులు పెంపకానికి తీసుకున్నారు. అతడే యశ్వంత్. పెద్దయి వైద్యుడైనాడు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు అతడు నడిపిన ఆసుపత్రిలో రోగులకు సేవచేస్తూనే సావిత్రీబాయి ఆ జబ్బు తగిలి మరణించింది.

ఇక ఈ కాలానికి వద్దాం. శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. నాటు మందులకూ, పుల్లలకూ బలి అవుతున్న పేద స్త్రీకి ఆసుపత్రి తలుపు తెరిచిన చట్టమది. దాని విలువను తక్కువచేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ వున్నది. పరిమితి ఇరవై వారాలు. ఆ వయసు పిండం బయటికి వస్తే బతికే ఆశ వైద్యశాస్త్రానికి అప్పుడు లేదు గనక, చట్టం బతికి పుట్టే బిడ్డ మాట తలపెట్టలేదు. తరువాత వైద్యం ముందుకు సాగింది. నెల తక్కువ బిడ్డలను అద్దాల పెట్టెలో పెట్టి, ఊపిరి యంత్రాలతో బతికించే హద్దు, మంచి సాధనాలున్న ఆసుపత్రులలో, ఇరవైనాలుగు వారాల దాకా దిగింది. చట్టం కూడా 2021 సవరణతో కొన్ని తరగతుల స్త్రీలకు ఇరవైనాలుగు వారాల వరకూ, తీవ్రమైన పిండలోపం వున్నదని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ పైన కూడా అనుమతించింది. రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురువచ్చినాయి.

అమెరికాలో ఈ సంగతి రాజకీయమైంది. ఏ దశలోనైనా సరే, బతికి పుట్టినది మనిషేనని 2002లో చట్టం చేశారు. చికిత్స చెయ్యని వైద్యుడికి అయిదేళ్ల వరకూ ఖైదు విధించే బిల్లు 2023లోనూ, 2025లోనూ దిగువ సభలో నెగ్గింది; 2025 జనవరిలో సెనేటులో 52 ఓట్లు వచ్చినా కావలసిన 60 రాక ఆగిపోయింది. ఎట్లాగూ బతకని బిడ్డను తల్లి ఒడిలో ప్రశాంతంగా పోనివ్వకుండా యంత్రాలకు అప్పగించమంటుందని వైద్యులు దాన్ని వ్యతిరేకించారు. 1624 నాటి అనుమానమే తల్లిని వదిలి వైద్యుడి మీదికి మళ్లిందని నాకు తోస్తుంది.

మనదేశంలో మాట వేరే చోటనుంచి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు, గర్భవిచ్ఛిత్తి ప్రయత్నం తరువాత కూడా బిడ్డ బతికి పుడితే, అందుబాటులో వున్న మేలైన చికిత్స అందించే బాధ్యత ఆ వైద్యుడిదీ ఆసుపత్రిదీ అన్నది. తల్లిదండ్రులు పెంచడానికి ఇష్టపడకపోయినా, పెంచే స్తోమత వారికి లేకపోయినా ఆ బాధ్యత ప్రభుత్వానిదన్నది. పూనాలో ఫూలే దంపతులు స్వంతంగా ఎత్తుకున్న బరువును ఒక న్యాయస్థానం రాజ్యం భుజాన పెట్టింది. 2023 అక్టోబరులో, ఇరవైఆరు వారాలు దాటిన ఇద్దరు బిడ్డల తల్లి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మొదట అనుమతి వచ్చింది. పిండానికి బతికే అవకాశం వున్నది, గుండె ఆపమంటారా అని ఎయిమ్స్ వైద్యుడు అడిగాడు. న్యాయమూర్తులు చీలిపోయారు, చివరకు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. కాన్పు ఖర్చు ప్రభుత్వం భరించాలనీ, దత్తత ఇచ్చే నిర్ణయం తల్లిదండ్రులదనీ అన్నది. ఆ తల్లి కాన్పు తరువాతి మనోవ్యాధికి మందులు వాడుతున్నది. ఆమె మిగతా నెలలు ఎట్లా మొయ్యాలన్నది ఆ తీర్పు తీర్చలేకపోయింది.

మనవాళ్లతో ఒకమాట. గర్భం వుంచుకోవడమా, మానడమా అన్నది స్త్రీ నిర్ణయమని మనం అంటాం, నేనూ అంటాను. కాని ఈ బిడ్డ ప్రస్తావన వచ్చేసరికి, అది మతవాదుల ప్రశ్న అని మాట మార్చేస్తాం. ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేది ఎవరు? నెల తప్పిన సంగతి ఇంట్లో చెప్పుకోలేని పిల్లలు, కూలి పోతుందని స్కానింగు వాయిదా వేసుకున్న ఆడవాళ్లు, తాలూకా ఆసుపత్రిలో డాక్టరు లేక జిల్లాకూ అక్కడినుంచి హైకోర్టుకూ తిరిగినవాళ్లు. కాబట్టి ఆ బిడ్డ కూడా మన ప్రశ్నే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎం.ఏ.కి వెళ్లింది. మొన్న కలిసినప్పుడు ఇదంతా చెప్పాను. "అయితే హైకోర్టు చెప్పినది చట్టంలోకి ఎక్కిందా అండీ?" అని అడిగింది. ఎక్కలేదు. తీర్పు వచ్చిన రెండేళ్లకు చేసిన 2021 సవరణలో ఆ బిడ్డ చికిత్స గురించి ఒక్క వాక్యం లేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం పాత 315వ సెక్షను 91గా, 318వ సెక్షను 94గా దిగినాయి. జననం దాచినదానికి శిక్ష ఇప్పటికీ రెండేళ్లే.