'టెయింటెడ్ లవ్': ఫ్లాప్ పాట 16 ఏళ్ల తర్వాత నంబర్ వన్ ఎలా అయింది?

ఇవాళ ఒకే ఒక్క పాట గురించి మాట్లాడుకుందాం. 'టెయింటెడ్ లవ్'. ఇంగ్లండ్ బ్యాండ్ సాఫ్ట్ సెల్ 1981లో చేసిన వెర్షన్ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. టైటిల్‌ని తెలుగులో చెప్పాలంటే 'కలుషితమైన ప్రేమ'. ఊపిరాడనివ్వని ప్రేమలోంచి పారిపోవాలనుకునే మనిషి గొడవ ఇది. వెళ్లిపోతానంటాడు, మనసు మాత్రం అక్కడే తిరుగుతుంటుంది.

చాలామంది ఇది ఆ బ్యాండ్ సొంత పాటే అనుకుంటారు. కాదు. రాసింది ఎడ్ కాబ్ అనే అమెరికన్. మొదట పాడింది గ్లోరియా జోన్స్ అనే నల్లజాతి గాయని. 1965లో రికార్డు వచ్చింది, అదీ బి-సైడ్‌గా. అంటే అసలు అమ్మాలనుకున్న పాట ఒకవైపు ఉంటే, రెండోవైపు ఖాళీగా వదలకుండా పెట్టే పాట అన్నమాట. ఎవరూ పట్టించుకోలేదు.

మరి అది ఇంగ్లండ్‌కి ఎలా చేరింది? 1970ల్లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఫ్యాక్టరీ ఊళ్లలో కుర్రాళ్లకి ఒక పిచ్చి ఉండేది. అమెరికాలో ఫ్లాప్ అయిన పాత సోల్ రికార్డులు వెతికి తెచ్చుకుని, రాత్రంతా డాన్స్ చేసేవాళ్లు. దాన్నే నార్తర్న్ సోల్ అంటారు. రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే 1973లో అమెరికా వెళ్లినప్పుడు ఈ రికార్డు కొనుక్కొచ్చి క్లబ్బుల్లో వేశాడు. సొంత దేశంలో ఎవరికీ అక్కర్లేని పాట అక్కడ డాన్స్ ఫ్లోర్ హిట్ అయింది.

ఆ సంగీతం వింటూ పెరిగినవాడే డేవ్ బాల్. లీడ్స్ పాలిటెక్నిక్‌లో అతనికి మార్క్ ఆల్మండ్ పరిచయమయ్యాడు. ఒకరు సింథసైజర్, ఒకరు గొంతు. అంతే సాఫ్ట్ సెల్. గిటార్ లేదు, డ్రమ్మర్ లేడు. అంతకుముందు సింగిల్ ఆడలేదు కాబట్టి, ఈసారి కొట్టి తీరాల్సిన పరిస్థితి.

వాళ్లు, ప్రొడ్యూసర్ మైక్ థోర్న్ కలిసి చేసిన మార్పు చూడండి. స్పీడ్ తగ్గించారు, శ్రుతి తగ్గించారు. గ్లోరియా పాడినప్పుడు అది కోపం. బ్రాస్, డ్రమ్స్ హోరెత్తుతుంటే, 'నేను పోతున్నా' అని తలుపు వేసి వెళ్లిపోయే ఆడమనిషి కనిపిస్తుంది. మెషీన్ వెర్షన్‌లో అదే బీట్, అదే చల్లటి శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంది. కోడ్ రాసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: ఇది ఎగ్జిట్ కండిషన్ లేని లూప్. మాటలు పారిపోతున్నాయి, మ్యూజిక్ మాత్రం మనిషిని వదలట్లేదు. ఆబ్సెషన్ అంటే అదే కదా!

1981 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికాలో 8వ స్థానం వరకే వెళ్లినా, హాట్ 100 చార్ట్‌లో 43 వారాలు ఉంది. అప్పటికి అది రికార్డు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. రికార్డు అమ్ముడైతే పాట రాసినవాళ్లకి విడిగా డబ్బు వస్తుంది, పాడినవాళ్లకి ఆ వాటా రాదు. రెండోవైపు తమ సొంత పాట పెట్టుకున్నా సగం వాటా దక్కేది. కానీ వీళ్లు అక్కడ కూడా సుప్రీమ్స్ పాట 'వేర్ డిడ్ అవర్ లవ్ గో' పెట్టారు. అంటే అంత పెద్ద హిట్ మీద రచయితలుగా వాళ్లకి వచ్చింది సున్నా. పాటకి మొదట ప్రాణం పోసిన గ్లోరియాకి కూడా అందులో వాటా లేదు, ఎందుకంటే ఆమె రచయిత కాదు. 2006లో రిహానా 'ఎస్ఓఎస్' ఇదే ట్యూన్ వాడుకుంది. అక్కడ కూడా రచయితల క్రెడిట్స్‌లో ఎడ్ కాబ్ పేరు ఉంది.

ఒక బి-సైడ్‌ని గ్లోరియా పాడింది, ఒక డీజే బతికించాడు, ఇద్దరు కుర్రాళ్లు ప్రపంచానికి వినిపించారు. కాగితం మీద మాత్రం ఒక్కడిదే. మీ దృష్టిలో ఈ పాట ఎవరిది? రెండు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి విని, కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.