మన ఊరికి తీగ ఎంత దూరం?

ఈ పొద్దు టమోటా రేటు గురించి కాదు, ఆ రేటు మన ఇంటి దాకా వచ్చే తీగ గురించి రాస్తా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపికగా చదవండి.

ల్యాండ్‌లైన్ కాలం మీకు గుర్తుండే ఉంటుంది. మదనపల్లెకు 08571, పుంగనూరుకు 08581, కుప్పానికి 08570. అప్పట్లో ఫోన్ రావడమే గొప్ప. 1984లో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ అనే సంస్థను పెట్టింది. వాళ్ళు ఏసీ గది లేకున్నా పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని తయారు చేసినారు. దాంతో దేశంలో పల్లెల దగ్గరికే ఎక్స్ఛేంజీలు వచ్చినాయి. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. 2005 జనవరిలో అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. అప్పటి ప్రభుత్వ లెక్కలో 256 కేబీపీఎస్ వస్తే చాలు, అదే బ్రాడ్‌బ్యాండ్.

ఇక్కడే చానా మందికి అర్థం కాని సంగతి ఒకటుంది. ఫోన్లో మాట బాగా వినపడేది, నెట్టు మాత్రం రాదనేవాళ్ళు. ఎందుకు? మాటకు తక్కువ ఫ్రీక్వెన్సీ చాలు, అది దూరం పోతుంది. నెట్టుకు కావాల్సింది ఎక్కువ ఫ్రీక్వెన్సీ. అది రాగిలో పోయేకొద్దీ తొందరగా సన్నగిల్లిపోతుంది. మన హంద్రీ-నీవా కాలువనే చూడండి, మొదట్లో ఉన్నంత నీళ్ళు కుప్పం కొసకు వస్తాయా? ఇదీ అంతే. ఎక్స్ఛేంజీకి కిలోమీటరు లోపల ఉన్నోళ్ళకు మంచి స్పీడు, అయిదు కిలోమీటర్లు దాటితే రావడమే కష్టం.

మరి ఆ దూరం ఎట్లా కొలవాలి? బండి మీటరు చూస్తే సరిపోదు. తీగ ఎక్స్ఛేంజీ నుంచి పిల్లర్ పెట్టెకు, ఆడి నుంచి డీపీ పెట్టెకు, ఆ తర్వాత మన ఇంటికి వస్తుంది. గుట్టలు, చెరువులు చుట్టుకుని పోతుంది. రోడ్డు మీద మూడు కిలోమీటర్లుంటే తీగ నాలుగున్నర ఉండొచ్చు.

లైన్‌మెన్ పద్ధతి ఒకటుంది. లైన్‌ను ఎక్స్ఛేంజీలో విడదీసి, ఒక కొసన రెండు తీగలూ కలిపి, ఇంకో కొసన మీటరుతో ఓములు చూస్తారు. 0.4 మిల్లీమీటర్ల తీగైతే రానూపోనూ కలిపి కిలోమీటరుకు సుమారు 280 ఓములు. 840 వస్తే మూడు కిలోమీటర్లన్నమాట. అదే 0.5 మిల్లీమీటర్ల తీగైతే కిలోమీటరుకు 175 ఓములే, అంటే అదే 840కి దూరం 4.8 కిలోమీటర్లు. తీగ మందం తెలియకుండా లెక్క కట్టకూడదు.

ఇంకో దారి మోడెమ్‌లోనే ఉంది. దాంట్లో లైన్ అటెన్యుయేషన్ అని డెసిబెల్స్‌లో ఒక అంకె చూపిస్తుంది. సుమారు 14కి ఒక కిలోమీటరు. 42 ఉంటే మూడు. అతుకులు తుప్పు పట్టినా, వానకు తడిసినా అంకె పెరుగుతుంది. కాబట్టి ఇది అంచనానే.

ఇప్పుడు ఫైబర్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ప్రారంభించినారు. కరెంటు స్తంభాల మీదనే తీగ లాగినారు. గాజు తీగలో పోయేది వెలుతురు. 20 కిలోమీటర్లు పోయినా పెద్దగా తగ్గదు. అయితే దూరం సమస్య పోయిందా? రూపం మారింది, అంతే. ఇప్పుడు అడగాల్సింది ఎక్స్ఛేంజీ ఎంత దూరమని కాదు, ఫైబర్ వచ్చిన చివరి స్తంభం మన ఇంటికి ఎంత దూరమని.

2020లో ఆన్‌లైన్ క్లాసులకు సిగ్నల్ కోసం గుట్టలు, మిద్దెలు ఎక్కిన పిల్లలు మనకు తెలియనోళ్ళు కాదు. పొలం కాగితాలు, ఈ-కేవైసీ, పంట నమోదు, అన్నీ ఇప్పుడు నెట్టులోనే. కొస రైతుకు నీళ్ళు రాకపోతే పది మందీ కలిసి పోయి అడుగుతాం కదా. తీగ కొసన ఉన్న ఊరికీ అట్లే అడగాల. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినోళ్ళను ముందు దూరం అడగండి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.