కండోమ్ వాడేవారికి పరీక్ష ఎందుకు? – ఒక పాత పొరపాటు చరిత్ర

"నేను ప్రతిసారీ కండోమ్ వాడతాను సార్. అయినా రక్తపరీక్ష చేయించుకోవాలా?" ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక యువకుడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. "అక్కరలేదు నాయనా, నిశ్చింతగా వెళ్ళు" అన్నాను. కొన్ని నెలలకు అతడు అరచేతుల నిండా మచ్చలతో తిరిగి వచ్చాడు. సిఫిలిస్, అంటే మన పెద్దలు సవాయి అన్న వ్యాధి, రెండవ దశలో ఉంది. అతడు అబద్ధమాడలేదు. కండోమ్ కప్పని చోట లేచిన నొప్పిలేని పుండును అతడు పట్టించుకోలేదు, నేను పరీక్షించలేదు. తప్పు నాదే. ఆ తప్పుకు మూలం మా తరం వైద్యుల ఆలోచనలో ఉంది.

మన దేశంలో నిరోధ్ 1968లో వచ్చింది. ప్రభుత్వ రాయితీతో మూడింటి ధర 15 పైసలు. తేయాకు, సబ్బుల కంపెనీల సరఫరా మార్గాల ద్వారా అది కిరాణా దుకాణాలకు చేరింది. ఎర్ర త్రికోణం గుర్తుతో జరిగిన ఆ ప్రచారమంతా కుటుంబ నియంత్రణ కోసమే. వ్యాధుల ప్రస్తావన అందులో ప్రధానం కాదు.

పరీక్షలది వేరొక దారి. సిఫిలిస్‌కు 1906లో వాసర్‌మాన్ పరీక్ష, 1946లో వి.డి.ఆర్.ఎల్. పరీక్ష వచ్చాయి. పుండో, సెగో కనిపించి, సిగ్గుతో తలవంచుకుని వచ్చినవారికే వాటిని రాసేవాళ్ళం. పరీక్ష అంటేనే అనుమానం అన్న భావన అలా స్థిరపడింది.

1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు నిర్మల మన దేశంలో తొలి హెచ్.ఐ.వి. కేసులను గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. కండోమ్ అప్పుడు వ్యాధి నివారణకు కవచమైంది. ఆ ప్రచారం ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ కవచమున్నవాడికి పరీక్షతో పనిలేదన్న భ్రమ మాలో మిగిలిపోయింది.

నిజానికి అనుమానం లేకుండా పరీక్షించడం మనకు కొత్త కాదు. గర్భిణులకు వి.డి.ఆర్.ఎల్. దశాబ్దాలుగా చేస్తున్నాము. రక్తదాతలు ఇచ్చిన ప్రతి సీసాను పరీక్షిస్తున్నాము. వారి శీలాన్ని ఎవరూ శంకించలేదే!

కండోమ్‌ను ప్రతిసారీ వాడితే హెచ్.ఐ.వి. సోకే అవకాశం సుమారు 80 శాతం తగ్గుతుంది. గనేరియా, క్లమిడియాల నుండి కూడా మంచి రక్షణ లభిస్తుంది. అయితే సిఫిలిస్, హెర్పిస్, హెచ్.పి.వి. చర్మస్పర్శతో సోకగలవు, కప్పని భాగానికి రక్షణ ఉండదు. ముఖరతిలో కండోమ్ వాడేవారు అరుదు. పైగా క్లమిడియా చాలామందిలో ఏ లక్షణమూ చూపదు.

కాబట్టి కొత్త భాగస్వాములు, లేదా ఒకరికంటే ఎక్కువమంది ఉన్నవారు ఏడాదికొకసారైనా పరీక్ష చేయించుకోవాలి. పురుషులతో సంబంధమున్న పురుషులకు, కండోమ్ వాడినా సరే, కనీసం ఏటా పరీక్ష అవసరమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కూడా చెబుతోంది. ఇద్దరూ పరీక్షించుకుని, ఒకరికొకరుగా ఉన్న దంపతులకు మాటిమాటికీ అక్కరలేదు. సంపర్కం జరిగిన మరునాటి పరీక్షను నమ్మవద్దు. ప్రయోగశాలలో చేసే నాల్గవ తరం హెచ్.ఐ.వి. పరీక్షకు 45 రోజులు, సిఫిలిస్‌కు 90 రోజులు గడిస్తేనే "లేదు" అన్న ఫలితం నమ్మదగినది. ముప్పై దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార పరీక్షను మరువరాదు.

ప్రభుత్వ సమీకృత సలహా, పరీక్షా కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. నాచారంలోనో ఉప్పల్‌లోనో తెలిసినవారు చూస్తారన్న సంకోచముంటే గాంధీకో, ఉస్మానియాకో వెళ్ళండి. మీ సమ్మతి లేకుండా పరీక్షించరాదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం నిర్దేశిస్తోంది. సందేహాలకు 1097కు ఫోన్ చేయవచ్చు.

ఆ యువకునికి పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమైంది. వెళ్ళబోతూ, "మళ్ళీ ఎప్పుడు రావాలి సార్?" అన్నాడు. ఈసారి తేదీ రాసి ఇచ్చాను.