సినిమా కొలతతో బుల్లితెర: టీవీ నంది పురస్కారాలు – ఒక చారిత్రక పరిశీలన

తెలుగు టెలివిజన్ చరిత్రను రాయబూనిన పరిశోధకునికి మొదట ఎదురయ్యే చిక్కు ఆధారాల కొరత. సినిమాకు పాటల పుస్తకాలు, పత్రికా సమీక్షలు, వాల్‌పోస్టర్లు మిగిలాయి. ప్రసారమైన మరునాటికే కనుమరుగయ్యే ధారావాహికకు ఆ భాగ్యం లేదు. అందువల్ల ఏది గుర్తింపు పొందింది, ఎవరు రాణించారు అని తెలుసుకోవడానికి పరిశోధకులు నంది పురస్కారాల జాబితాను ఆశ్రయిస్తుంటారు. ఆ జాబితా దేనిని నమోదు చేసింది, దేనిని నమోదు చేయలేకపోయింది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశం.

లేపాక్షి ఏకశిలా నందిని చిహ్నంగా స్వీకరించి, 1964 సంవత్సరపు చిత్రాలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పురస్కారాలను ప్రారంభించింది. తొలి ఉత్తమ చిత్రంగా బంగారు నందిని అందుకున్నది 'డాక్టర్ చక్రవర్తి'. అప్పటికి తెలుగు ఇళ్లలో టెలివిజన్ లేదు. 1970ల దశకంలో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1995లో జెమిని, ఈటీవీ చానెళ్లు వచ్చాయి. కాలక్రమంలో నంది టెలివిజన్‌కూ, నాటకరంగానికీ విస్తరించింది. నిర్వాహక సంస్థ పేరు చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగ అభివృద్ధి సంస్థ. మూడింటిలో అతి ప్రాచీనమైన నాటకం చివరి స్థానానికి చేరడం గమనార్హం!

ఈ క్రమం నగర భూగోళంలోనూ కనిపిస్తుంది. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్. పక్కనే జూబ్లీహిల్స్‌లో తారల నివాసాలు. సీరియళ్ల చిత్రీకరణ ఎక్కువగా ఆ చుట్టుపక్కల అద్దెకు తీసుకున్న భవంతుల్లో సాగింది. వాటిలో పనిచేసే చిన్న నటులు, సాంకేతిక నిపుణులు చాలామంది కొండ దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో ఉండేవారు. వారికి టీవీ నంది కేవలం జ్ఞాపిక కాదు. పెద్ద తెరవారికి దక్కే నందినే తామూ ప్రభుత్వం చేతుల మీదుగా అందుకోవడమంటే, తమది సినిమా అవకాశం దొరికేదాకా చేసే తాత్కాలిక పని కాదని రాజముద్ర పడడమే. ఆ గౌరవాన్ని తక్కువ చేసి చూడడం చరిత్రకారునికి తగదు.

అయితే చిహ్నంతోపాటు కొలమానం కూడా సినిమా నుంచే వచ్చింది. సినిమా ఒక ఏడాదిలో పూర్తయి విడుదలయ్యే కృతి. దానికి ఒక దర్శకుడు, ఒక కథానాయకుడు. టెలీఫిల్మ్‌కు ఈ కొలత చక్కగా సరిపోతుంది. డాక్యుమెంటరీకీ ఇబ్బంది లేదు. చిక్కంతా సీరియల్‌తోనే. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమినిలో వచ్చిన 'చక్రవాకం', 'మొగలిరేకులు' ఒక్కొక్కటీ వెయ్యికి పైగా భాగాలతో ఏళ్ల తరబడి నడిచాయి. వీటిలో ఏ సంవత్సరపు 'కృతి'ని తూచాలి? వెయ్యి భాగాలను ఏ న్యాయనిర్ణేతల సంఘం మాత్రం పూర్తిగా చూడగలదు? గుణ్ణం గంగరాజు నిర్మించిన 'అమృతం' (2001–2007) మరింత ఆసక్తికరం. అందులో అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో పోషించారు, దర్శకులూ మారారు. అయినా ప్రేక్షకుడికి అమృతరావు ఒక్కడే. ఆ ఏకత్వాన్ని నిలిపింది రచన, నిర్మాణ దృష్టి, ప్రతి వారం ఒకే వేళకు టీవీ ముందు కూర్చునే అలవాటు. 'ఉత్తమ నటుడు' అనే విభాగంలో ఈ మూడింటికీ చోటు లేదు.

మరో పరిమితి ప్రవేశాలకు సంబంధించినది. పోటీకి పంపిన కార్యక్రమాలే పరిశీలనకు వచ్చేవి. కనుక జాబితాలో ఒక పేరు లేకపోవడం ఆ కార్యక్రమం నాసిరకమనడానికి సాక్ష్యం కాదు. ఈ చిన్న విషయాన్ని విస్మరించి జాబితానే ప్రామాణిక సాహిత్యపట్టికగా వాడే సిద్ధాంత వ్యాసాలు తప్పటడుగు వేస్తాయి.

2014లో రాష్ట్రం విడిపోయింది. పరిశ్రమ హైదరాబాదులోనే ఉండిపోగా, నంది పేరు ఆంధ్రప్రదేశ్ వైపు నిలిచింది. 2014, 2015, 2016 సంవత్సరాల సినిమా నందులను 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించవలసి వచ్చింది. ఆ ప్రకటనతోపాటే వివాదమూ రేగింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గద్దర్ పేరిట పురస్కారాలను ప్రకటించి, 2025లో సినిమాలకు ప్రదానం చేసింది.

ఈ స్థితిలో టీవీ నంది జాబితాను ఒంటరిగా చదవడం చాలదు. దినపత్రికల్లో రోజూ అచ్చయిన టీవీ కార్యక్రమాల పట్టికలను దాని పక్కన పెట్టి చూడాలి. ఏ సీరియల్ ఏ వేళకు మారింది, ఎన్నేళ్లు నిలిచింది, ఏది చెప్పాపెట్టకుండా ఆగిపోయింది అన్నవి అక్కడ దొరుకుతాయి. కృష్ణానగర్‌లో ఆ రోజుల ఎడిటర్లు, కెమెరా సహాయకులు ఇంకా ఉన్నారు. వారి మౌఖిక కథనాలను సేకరించే పని విశ్వవిద్యాలయ శాఖలు ఇప్పుడే చేపట్టాలి.