అమ్రాబాదు అడవిలో బ్రతుకు

ఆస్ట్రియా దేశీయుడగు హైమెన్‌డార్ఫు పండితుడు 1940లో మన పాలమూరు సీమయందలి అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతో నివసించి, చూచినదానిని 1943లో ఆంగ్లగ్రంథముగా వెలువరించెను. నేను దానిని చదువుచు, వారి దినచర్య కడ చాలసేపు నిలిచితిని. ఇనుపమొనగల కోలతో దుంపలు త్రవ్వుట, ఇప్పపూవు నేరుట, కొండచరియపై త్రాటితో వ్రేలాడి తేనె దీయుట వారి జీవనము. దొరికినది నాటికే, గాదెలు లేవు. గాదెలుండియు కరవునకు బెదరు మనకిది యోచింపదగినది. ఏ తీగ క్రింద దుంప యూరునో, ఏ చెట్టెప్పుడు పూచునో యెఱిగిన తెలివియే వారి గాదె. అడవిలో తిరుగు వీలు పోయిననాడు ఆ తెలివియు నశించును. నేడా సీమలో పులులకు రక్షితారణ్యము కలదు. పులికి చోటిచ్చుచు చెంచునకు చోటు తప్పింపరాదు. మీ యూళ్లలో అడవి నెఱిగిన వృద్ధులున్నచో వారి మాటలను వ్రాయించి యుంచుడు. అదియు మన చరిత్రయే.